గల్ఫ్‌లో మన రూపాయి చెల్లిన రోజులు

హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద, ప్రజ్ఞాపూర్ దాటాక, సిద్దిపేటకు ముందు తగిలే ఊరు కుకునూరుపల్లి. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి దుబాయ్, మస్కట్ పోయేవాళ్లు ఎందరో విమానం ఎక్కడానికి ఈ దారినే హైదరాబాద్ చేరుకుంటారు.

ఒకప్పుడు జీతం కోసం అరబ్బులే మన వైపు వచ్చారు. 19వ శతాబ్దంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు నిజాం సైన్యంలో చేరారు. హైదరాబాద్‌ బార్కస్‌లో వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు. నిజాం కొలువులో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశం, ఇక్కడ కూడబెట్టిన సొమ్ము అండతో హద్రమౌత్‌లో రాజ్యమే స్థాపించింది. అది 1967 దాకా నిలిచింది.

గల్ఫ్ తీరంలో అంతకంటే ఆశ్చర్యం. కువైట్, ఖతర్, దుబాయ్ బజార్లలో చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసమే వేరే రంగుల్లో ప్రత్యేక నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్ సొంత దీనార్ తెచ్చుకుంది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి డాలరుకు 7.50 చేయగానే ఖతర్, దుబాయ్ కూడా దాన్ని వదిలేశాయి.

తర్వాత ఏడేళ్లకే చమురు తలరాత మార్చింది. 1973 అక్టోబర్‌లో జరిగిన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత కొద్ది నెలల్లో ముడి చమురు ధర దాదాపు నాలుగింతలైంది. అక్కడ రోడ్లు, రేవులు, మేడలు లేచాయి, కట్టే చేతులు మాత్రం చాలలేదు. ఇక్కడ వాననే నమ్ముకున్న మెట్ట భూములు, ఎండిన బోర్లు, తీరని అప్పులు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి: తెలంగాణ వలస కథంతా ఆ మూడు మాటల్లోనే ఉంది.

నేడు ఖతర్ తలసరి ఆదాయం మనకంటే సుమారు 30 రెట్లు. దానికి కారణం అక్కడివాళ్లు మనకన్నా ఎక్కువ కష్టపడటం కాదు, భూమి కింద దొరికిన చమురు, గ్యాస్. అయినా వీసాకు లక్షల అప్పు చేసేది మనవాడే. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర పాస్‌పోర్టు ఉండిపోతే, జీతం ఆగితే, తప్పించుకుని ‘ఖల్లివెల్లి’, అంటే కాగితాలు లేని కూలీ, అయ్యేదీ మనవాడే.

మన ప్రభుత్వమూ ఈ విషయంలో తప్పటడుగు వేసింది. 2020 సెప్టెంబర్‌లో గల్ఫ్ ఉద్యోగాలకు కనీస జీతాల సిఫార్సును 30 నుంచి 50 శాతం దాకా కోసి, కొన్ని దేశాలకు నెలకు 200 డాలర్లకు దించింది. ఉద్యోగాలు చేజారకుండా కాపాడటానికేనంది. ఇది నాకు ఏ కోణంలోనూ న్యాయంగా కనిపించదు. పేద దేశమే తన మనిషి ధర తగ్గించి చెబితే, ధనిక దేశం ఎందుకు పెంచుతుంది? వలస కార్మికుల సంఘాలు పోరాడాక 2021లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది.

గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు 5 లక్షల రూపాయలు ఇస్తోంది. అది అవసరమే. దానికన్నా ముందు, పోయే ప్రతి కార్మికుడి చేతిలో తెలుగులో రాసిన ఒప్పందం పెట్టాలి, ఆగిన జీతం వసూలు చేసి ఇచ్చే వకీలు ఖర్చును ప్రభుత్వమే భరించాలి.