వీసా బల్ల వెనుక గూఢచారి

పెగడపల్లిలోనైనా, కోరుట్ల, సిరిసిల్లల్లోనైనా వీసా అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. దుబాయికో మస్కటుకో మనిషిని పంపని వాడ అరుదు. మనకది బతుకుదెరువు కాగితం. 1930లలో జర్మనీలోని యూదులకు అది ప్రాణం నిలిపే కాగితం.

బెర్లిన్‌లో ఆ ముద్ర వేసిన బ్రిటిషు అధికారి ఫ్రాంక్ ఫోలీ. 1884లో ఇంగ్లండులో పుట్టిన క్యాథలిక్కు. గురువు కావాలని సెమినరీకి వెళ్లి, మధ్యలో మానుకున్నాడు. పాస్‌పోర్టు కంట్రోల్ ఆఫీసరు అన్నది పైకి చెప్పుకొనే ఉద్యోగం. అసలు పని ఎంఐ6 గూఢచార సంస్థకు బెర్లిన్‌లో అధిపతిగా ఉండడం. చిక్కేమిటంటే, ఈ ఉద్యోగానికి రాయబారులకుండే రక్షణ లేదు. పట్టుబడితే జైలే.

పాలస్తీనాకు సొంత పెట్టుబడితో వెళ్లేవారు 1,000 పౌండ్లు చూపాలని నిబంధన. నాజీలేమో డబ్బు దేశం దాటనివ్వరు. మరి పేదవాడి గతి? చేతిలో సొమ్ము లేకపోయినా, ఇస్తామన్న మాట కాగితం మీద ఉంటే చాలని ఫోలీ ఒప్పుకున్న సందర్భాలున్నాయి.

1938 నవంబరు 9, 10 తేదీల్లో యూదుల సమాజమందిరాలు తగలబడ్డాయి. దాదాపు 30,000 మంది పురుషులను నిర్బంధ శిబిరాలకు తోలారు. దేశం విడిచి పోతానని రుజువు చూపినవాడికి విడుదల దొరికే అవకాశం ఉండేది. ఫోలీ సాక్సెన్‌హౌజెన్ శిబిరానికి స్వయంగా వెళ్లి, వీసాలు చూపించి మనుషులను విడిపించాడు. కొందరిని రాత్రిళ్లు తన ఇంట్లోనే దాచాడు. యెరికోలో రాహాబు వేగులవారిని దాచింది. ఇక్కడ వేగులవాడే దాచాడు.

వియన్నాలో ఇదే ఉద్యోగం చేసిన థామస్ కెండ్రిక్‌ను 1938 ఆగస్టులో గెస్టపో అరెస్టు చేసి వెళ్లగొట్టింది. అదే ఊళ్లోని ఆంగ్లికన్ క్రైస్ట్ చర్చిలో ఆ వేసవిలో పాదిరి హ్యూ గ్రైమ్స్, ఆయన తరువాత ఫ్రెడ్ కాలర్డ్ కొద్ది నెలల్లోనే దాదాపు 1,800 మంది యూదులకు బాప్తిస్మమిచ్చారు. నాజీల లెక్కలో దీనివల్ల మారేదేమీ లేదు. 1935 నాటి వారి చట్టం చూసింది తాత ముత్తాతలను, విశ్వాసాన్ని కాదు. కానీ పొరుగు దేశపు సరిహద్దు దాటడానికి బాప్తిస్మపు సర్టిఫికెట్టు కొందరికి పనికొచ్చింది. విశ్వాసం లేని బాప్తిస్మం చెల్లుతుందా అని మన సంఘాల్లో అడిగేవారుంటారు. అడగదగిన ప్రశ్నే. అయితే గుమ్మం ముందు వరుసలో నిలబడ్డవారి ఎదుట ఆ పాదిరులకు దాన్ని తేల్చే తీరిక లేదు. నేనైతే వారిని తప్పుపట్టలేను.

యుద్ధం మొదలవుతుండగా 1939లో ఫోలీ బెర్లిన్ విడిచాడు. ఎందరు బయటపడ్డారో సరైన చిట్టా లేదు. 10,000 అన్నది అంచనా. తాను చేసింది ఊరంతా చెప్పుకోలేదు. 1958లో కన్నుమూశాడు. మూడేళ్లకు యెరూషలేములో ఐక్‌మన్ విచారణలో బెన్నో కోన్ సాక్షిగా నిలబడి ఆయనను తలచుకున్నాడు. యాద్ వషేమ్ సంస్థ ఆయనను నీతిమంతుల జాబితాలో చేర్చింది 1999లో.