చెరుకులోని చకారము, చక్కెరలోని చకారము



గడచిన వేసవిలో ఎడపల్లి దాపున నొక యింటి అరుగుమీద కూర్చుండియుంటిని. ఆ యింటి మనుమడు పైచదువునకై ఇటలీ దేశమునకు పోనున్నాడు. ప్రక్కగదిలో ఆ దేశపు మాటలను బిగ్గరగా వల్లించుచుండెను. ఒక మాటను 'జుచ్చెరో' అని చదివి, 'అనగా చక్కెర, తాతా' అనెను. వృద్ధుడు నోటినుండి చుట్ట తీసి, 'చక్కెరయైతే అందుల క్క యాడికి వాయెరా?' అనెను. అందరము నవ్వితిమి. ఇంటికి వచ్చి విచారింపగా తాతయే గెలిచినట్లు తేలినది. ఆ మాటలో చ్చకారము లేదు, క్కకారమే కలదు. ఇటలీవారు దానిని 'చుక్కెరొ' అందురు. మొదటి చకారమును మన చుక్క, చాప అను మాటలలో వలె నాలుకను దంతములకు తాకించి పలుకవలెను. నేడు అక్కడి పలువురు దానిని మన జొన్నలోని జకారము వలెనే పలుకుచున్నారు. అదియు మనకు క్రొత్త కాదు.

మన లిపిలో చకారము ఒక్కటి, ధ్వనులు రెండు. చెరుకు అనునపుడు ఒకటి, చక్కెర అనునపుడు మరియొకటి. తెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చ, జ లు తాలవ్యములనియు, తక్కిన అచ్చులతో కూడినవి దంత్యములనియు చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సూత్రము చేసెను. చదువురాని రైతు సయితము ఈ సూత్రమును తప్పడు. ఇటాలియను నేర్వబోవువానికి మొదటి పాఠము ఈ రెండు మాటలలోనే యున్నది. చెరుకులోని చకారమును వారు 'సి' అను అక్షరముతోను, చక్కెరలోని చకారమును 'జెడ్' అను అక్షరముతోను వ్రాయుదురు.

'సి' అక్షరమునకు వారియొద్దను రెండు ధ్వనులు కలవు. దాని తరువాత అ, ఒ, ఉ లు వచ్చిన కకారము. ఇ, ఎ లు వచ్చిన చకారము. ఇ, ఎ లకు ముందు కకారమే కావలసినచో నడుమ 'హెచ్' అక్షరమును చొప్పింతురు. ఆ 'హెచ్'ను చూచియే మన బాలుడు ఆంగ్లపు అలవాటున చ్చకారము పలికెను. అక్కడ అది కకారమును కాపాడుటకు నిలిచిన కావలివాడు మాత్రమే.

ఈ నియమమెట్లు వచ్చినది? ఇటాలియను భాషకు తల్లి లాటిను. ప్రాచీన రోమకులు నూరును 'కెంతుమ్' అనిరి; వారి వక్త పేరు 'కికెరో'. కాలక్రమమున ఎ, ఇ లకు ముందున్న కకారము మెత్తబడి చకారమాయెను. నేడు ఇటలీలో నూరు 'చెంతొ', ఆ వక్త 'చిచెరోనె'. ఇట్టిదే మనయింటను జరిగినది. మంజీర నదికి ఎగువనున్న కన్నడసోదరులు 'కెరె' అందురు, మనము 'చెరువు' అందుము. వారి 'కివి' మనకు 'చెవి'; వారి 'కయ్' మనకు 'చేయి'. పాత కకారమును కన్నడము నిలుపుకొన్నది, తెలుగు మార్చుకొన్నది. ఒకరి నొకరు ఎరుగని రెండు జాతులు, ఒకే అచ్చులకు ముందు, ఒకే హల్లును ఒకే తీరున మార్చినవి. నోటి నిర్మాణము మనుష్యులందరికి నొక్కటియే గదా!

ఇక చక్కెర అను మాట సంగతి. ఇది పోలిక మాత్రమే కాదు, నిజమైన చుట్టరికము. సంస్కృతమున 'శర్కర' అనగా మొదట ఇసుకపలుకు, గులకరాయి. చెరుకురసమును కాచి పలుకులు కట్టించుట ఈ దేశమువారు కనిపెట్టిన విద్య. అలెగ్జాండరుతో క్రీ.పూ. 4వ శతాబ్దిలో వచ్చిన నియర్కసు, ఇక్కడ తేనెటీగలు లేకయే కాడలనుండి తేనె వచ్చునని ఆశ్చర్యపడెను. ప్రాకృతమున 'సక్కర' యైన ఆ మాట పారసీకమున 'షకర్' అయి, అరబ్బీలో 'సుక్కర్' అయ్యెను. 9వ శతాబ్దిలో అరబ్బులు సిసిలీ ద్వీపమును జయించి చెరుకుతోటలు వేసినపుడు, పంటతోపాటు మాటయు ఇటలీ చేరి 'చుక్కెరొ' అయినది. మన ఖండశర్కర, అనగా కండచక్కెర, అక్కడ 'చుక్కెరొ కందీతొ'. సరకుతో మాట పోయినది. నడుమ ఎన్ని నోళ్లు మారినను కకారము మాత్రము చెక్కుచెదరలేదు.

నిజాంసాగరు ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తియైన పిమ్మట, ఆ కాలువల క్రింద చెరుకు విస్తరించి, 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. దాని చుట్టును వెలసిన పేటకు పెట్టిన పేరు షక్కర్‌నగరు. చూడుడు, మనదేశమునుండి వెళ్లిన మాట పారసీకపు వేషముతో మరల మన పొలిమేరకే వచ్చినది! ఒకప్పుడు ఆసియాఖండమున మిక్కిలి పెద్దవానిలో నొకటిగా పేర్వడిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో ఆగిపోయినది. దాని కూతను బట్టి ప్రొద్దు తెలిసికొన్నవారు మీలో ఎందరో యుందురు. ఆ కథ మరియొకనాడు చెప్పుకొందము.

ద్విత్వములు మనకు అలవాటైనవే. ఆంగ్లేయుడు రెండు హల్లులు వ్రాసి ఒకటే పలుకును; ఇటలీవాడు రెండింటిని ఒత్తి పలుకును. 'నోనొ' అనగా తొమ్మిదవది, 'నొన్నొ' అనగా తాత. కల, కల్ల అను మాటలను వేరుచేసి పలుకువానికి ఇందులో కష్టమేమి? హ్రస్వమైన ఎ, ఒ లు సంస్కృతమున లేవు, తెలుగున కలవు. కనుక ఇదియు లాభమే. అయితే మన మాటలు అ, ఇ, ఉ లతో ముగియునంత తరచుగా ఎ, ఒ లతో ముగియవు. అందుచే మనవాడు చివరి 'ఒ'ను 'ఓ' అని సాగదీయును. ఆ బాలుని 'జుచ్చెరో'లో రెండవ తప్పిదమదియే. అంతకన్న కష్టమైనది ఊనిక. మనము అక్షరములన్నింటిని ఇంచుమించు సమముగా నడుపుదుము. వారు ఒక అక్షరముపై ఊనుదురు. ఊనిక మారిన అర్థము మారును. 'అంకొర' అనుటలో మొదట ఊనిన ఓడ లంగరు, నడుమ ఊనిన 'ఇంకను' అని అర్థము. దీనిని పుస్తకమున చూచి నేర్వజాలము, చెవితో పట్టవలసినదే.

మరియొక చిక్కు మన ట, డ, ణ, ళ లు. ఇటాలియనున ఇవి లేవు. వారివి దంత్యములైన త, ద లు. వారు తమ దేశమును 'ఇతాలియ' అందురు. మనము ఇటలీ అని టకారము పెట్టుట ఆంగ్లేయుని తకారము మన చెవికి టకారమువలె వినబడుటచే కలిగినది. ఇరుగుపొరుగున కూర్చుండి మాటాడుకొనవలసిన రెండు భాషల నడుమ ఆంగ్లము దుబాసీగా వచ్చి, ఉన్న పోలికను కూడ చెరిపినది.

'తూర్పుదేశపు ఇటాలియను' అని మనము గర్వించు బిరుదుకథయు నిట్టిదే. 1420 ప్రాంతమున విజయనగరము చూచిన నికొలొ కొంతి ఇచ్చిన బిరుదని సభలలో చెప్పుచుందురు. అతడు వెనిసు దాపునున్న కియొజ్జ పట్టణమువాడు. అతని యాత్రను పొజ్జొ అను పండితుడు లాటినున వ్రాసెను. వెనిసువారి వాడుకలో ఎన్నో మాటలకు చివరి అచ్చు ఉండదు. రొట్టెను ఇతర ఇటాలియనులు 'పానె' అనగా వారు 'పాన్' అందురు. మన కావ్యభాషలో వచ్చెన్, రామున్ అని ద్రుతములు మ్రోగుచుండిన కాలమది. అట్టి నోటివాడు అట్టి భాషను విని అజంతమని మెచ్చెననుట నాకు నమ్మశక్యముగా లేదు. బిరుదు స్పష్టముగా కనబడునది 19వ శతాబ్దిలో ఆంగ్లేయులు వ్రాసిన తెలుగు వ్యాకరణములలో. 1890లో హెన్రీ మారిస్ కూడ, తెలుగును అట్లు పిలిచియున్నారని, అది తగియే యున్నదని వ్రాసెను. ఇటాలియను తండ్రికిని ఆంగ్ల తల్లికిని జన్మించి, మదరాసు రాజధానిలో కొలువు చేసిన గల్లెత్తి దొర మాత్రము పొగడ్తతో ఊరకుండక, జనులు వాడుకలో పలుకు తెలుగునకు నిఘంటువు కూర్చి 1935లో ప్రకటించెను. నాకు ఆ బిరుదుకన్న ఈ నిఘంటువే విలువైనదిగా తోచును.

మరల ఆ యరుగునొద్దకు పోయితిని. విచారించినదంతయు చెప్పగా తాతకు పరమానందము. బాలుని పిలిచి, 'చుక్క అను' అనెను. బాలుడు చెరుకులోని చకారముతో అనెను! బడిలో అన్ని చకారములను ఒక్కటిగా నేర్చినాడట. ఇప్పటి పిల్లలలో పలువురిది ఇదే తీరు. తాత తన రెండు పండ్లనడుమ నాలుకకొన చూపి మరల అనుమనెను. రెండవమారును తప్పెను. మూడవమారు వచ్చినది. వృద్ధుడు చుట్ట వెలిగించుకొని, 'ఇగ చక్కెర అను' అనెను.