వజ్రపు పెళ్ళి ఉంగరం

వజ్రపు పెళ్ళి ఉంగరం అనగా నిశ్చితార్థంలో గాని, వివాహంలో గాని వధూవరులు ధరించే వజ్రం పొదిగిన బంగారు ఉంగరం. చిన్న వజ్రాలను రవ్వలు అంటారు కనుక వాడుకలో దీనిని రవ్వల ఉంగరం అని కూడా వ్యవహరిస్తారు. తెలుగువారిలో వివాహచిహ్నాలు మంగళసూత్రం, మెట్టెలు. ఉంగరాలకు నిశ్చితార్థంలోను, బిందెలోని ఉంగరాన్ని తీసే వేడుకలోను స్థానం కలదు.

ప్రాంతీయ నేపథ్యం

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనిది. సూర్యాపేట జిల్లాకు దక్షిణపు హద్దుగా కృష్ణానది ప్రవహిస్తున్నది. ఆ నది కుడిగట్టున ఉన్న కొల్లూరు ప్రసిద్ధి చెందిన వజ్రాల గని. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దీనిని దర్శించి వర్ణించాడు. కోహినూరు ఇక్కడే దొరికినదని పలువురు భావిస్తారు. గోల్కొండ గని కాదు, ఈ వజ్రాలకు విపణి. నేడు కొల్లూరు పులిచింతల జలాశయపు ముంపు ప్రాంతంలో ఉన్నది. అందువలన దుకాణంలో వినిపించే "గోల్కొండ వజ్రం" అనే మాటను ధ్రువపత్రం లేకుండా నమ్మరాదు.

రెండు క్యారెట్లు

ఉంగరం కొనుగోలులో క్యారెట్ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి.

బంగారంలో ఇది స్వచ్ఛతకు కొలత. 24 క్యారెట్లు మేలిమి బంగారం. 18 క్యారెట్ల బంగారంలో మేలిమి 75 శాతం. రాయిని గట్టిగా పట్టి ఉంచడానికి వజ్రపు ఉంగరాలను ఎక్కువగా 18 లేదా 14 క్యారెట్లలో చేస్తారు.

వజ్రంలో ఇది బరువు. 1 క్యారెట్ 200 మిల్లీగ్రాములు, అనగా 100 సెంట్లు. "18 క్యారెట్ల వజ్రపు ఉంగరం" అన్నప్పుడు ఆ అంకె బంగారానిదే.

వజ్రం నాణ్యత

వజ్రం విలువను బరువు, రంగు, నిర్మలత్వం, కోత నిర్ణయిస్తాయి. రంగును ఆంగ్లాక్షరాలలో డి నుండి జెడ్ వరకు సూచిస్తారు. డి పూర్తిగా రంగులేనిది, జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. నిర్మలత్వం లోపలి మచ్చలు, పగుళ్ళను బట్టి ఉంటుంది. మెరుపు ప్రధానంగా కోతపై ఆధారపడుతుంది. ఇతర గుణాలు సమానమైనప్పుడు 1 క్యారెట్ రాయి ఒక్కటి, 10 సెంట్ల రవ్వలు పదింటి కంటే ఎక్కువ ఖరీదు చేస్తుంది. కనుక రవ్వల మొత్తం బరువుతో పాటు వాటి సంఖ్యను కూడా అడగవలెను.

సహజ, కృత్రిమ వజ్రాలు

ప్రయోగశాలలో పెంచిన వజ్రం కూడా కర్బనపు స్ఫటికమే, నిజమైన వజ్రమే. అయితే దాని ధర సహజ వజ్రం కంటే చాలా తక్కువ. ఈ రెండింటి మధ్య తేడా కంటికి గాని, దుకాణాలలోని ఉష్ణ పరీక్ష పరికరానికి గాని తెలియదు. జిర్కోనియా వజ్రం కాదని ఆ పరికరం పట్టుకొనును గాని, మొయిసనైటు దానిని మోసగించగలదు. అందుచేత రాయి సహజమైనదా, పెంచినదా అన్న విషయాన్ని రత్న పరీక్షాశాల ధ్రువపత్రం ద్వారా తెలుసుకొనవలెను. పత్రం సంఖ్య రాయి అంచుపై చెక్కి ఉన్నచో భూతద్దంతో సరిచూడవచ్చును.

హాల్‌మార్కు

భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్కు 2021 నుండి దశలవారీగా జిల్లాలలో తప్పనిసరి అయినది. ఇందులో సంస్థ చిహ్నం, స్వచ్ఛత (18 క్యారెట్లకు 750), ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఈ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూడవచ్చును. హాల్‌మార్కు బంగారానికి మాత్రమే హామీ. వజ్రం గురించి అది ఏమియు చెప్పదు. ఒకే ఉంగరానికి రెండు వేర్వేరు రుజువులు అవసరం కావడానికి కారణం ఇదే.

రసీదు

రసీదులో ఉంగరం మొత్తం బరువు, బంగారం నికర బరువు, వజ్రాల సంఖ్య, బరువు, వాటి ధర, మజూరీ విడివిడిగా ఉండవలెను. ఉదాహరణకు 4 గ్రాముల ఉంగరంలో 50 సెంట్ల వజ్రాలు ఉన్నచో వాటి బరువు 0.10 గ్రాము, బంగారం 3.90 గ్రాములు. అది 18 క్యారెట్లదైతే అందులో మేలిమి 2.925 గ్రాములు. ఉంగరాన్ని తిరిగి అమ్మినప్పుడు బంగారానికి ఆనాటి ధర లభిస్తుంది. వజ్రానికి మాత్రం కొన్న ధర సాధారణంగా రాదు. మార్పిడి, తిరిగి కొనుగోలు షరతులను ముందుగానే రసీదుపై వ్రాయించుకొనుట మేలు. వివాదం ఏర్పడితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఎదుట ఈ రసీదే ప్రధాన ఆధారమవుతుంది.