పదిహేడు మైళ్ళ గుండు

ఇంటర్ ఫిజిక్సులో ప్రక్షేపకాల లెక్కల పక్కన ఒక చిన్న షరతు ఉంటుంది: గాలి నిరోధాన్ని ఉపేక్షించాలి. ఎంసెట్ కోసం అలాంటి లెక్కలు వందల్లో చేసినవాణ్ణి. గులకరాయి విసిరితే సరే. తుపాకీ గుండు విషయంలో ఆ ఉపేక్ష ఖరీదెంత?

దీన్ని కొలిచి చెప్పినవాడు ఇంగ్లీషు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. ప్రక్షేపక మార్గం పరావలయమని గెలీలియో 1638లో చూపించాడు. తుపాకులంత వేగాలకి అది సరిపోదని అదే పుస్తకంలో హెచ్చరించాడు కూడా. తర్వాత చాలామంది మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారు. (పరీక్షలో వచ్చేది మొదటిదే కదా!)

అసలు చిక్కు వేగం కొలవడం. గుండు కంటికే కనపడదు. రాబిన్స్ ఉపాయం 1742లో అచ్చయిన 'న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ'లో ఉంది. బరువైన చెక్క దిమ్మను లోలకంలా వేలాడదీసి దానిలోకి కాల్చాలి. గుండు దిగబడుతుంది, దిమ్మ ఊగుతుంది, ఎంత ఊగిందో దానికి కట్టిన రిబ్బను చెబుతుంది. ఇక ద్రవ్యవేగ నిత్యత్వంతో వెనక్కి లెక్క కట్టడమే. గుండు తగిలిన క్షణానికి శక్తి నిత్యత్వం వాడితే మాత్రం మునిగిపోతాం: గతిశక్తిలో చాలా భాగం చెక్కను చీల్చడానికీ వేడికీ పోతుంది.

ముప్పావు అంగుళం సీసపు గుండుకి వచ్చిన వేగం సెకనుకి సుమారు 1,700 అడుగులు. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించి చూడండి. గాలే లేకపోతే 45 డిగ్రీల దగ్గర అది 17 మైళ్ళు పోవాలి. నిజంగా పోయేది అర మైలు లోపే!

తుపాకీ గొట్టం లోపలి సంగతీ చూశాడు. గుండు కదలకముందే మందంతా కాలి వాయువైపోతుందనీ, దాని పీడనం వాతావరణ పీడనానికి సుమారు వెయ్యి రెట్లనీ అనుకున్నాడు. మోటు ఊహే; అయినా దానితో కట్టిన వేగాలు లోలకం చూపినవాటికి దగ్గరగానే వచ్చాయి.

ఆయిలర్ ఈ పుస్తకాన్ని 1745లో జర్మన్‌లోకి తెచ్చి, మూలాన్ని మించిన వ్యాఖ్యానం చేర్చాడు. గుండు పక్కకి మళ్ళడానికి కారణం దాని భ్రమణమే అన్న మాటని మాత్రం ఒప్పుకోలేదు. గుండు ఆకారంలో లోపమన్నాడు. రాబిన్సే రైటు. కానీ ఆ ప్రభావానికి శతాబ్దం తర్వాతి మాగ్నస్ పేరు స్థిరపడింది. ఇది నాకు మింగుడుపడదు.

ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా కోటలు బాగుచెయ్యడానికి 1750లో రాబిన్స్ మద్రాసు వైపు వచ్చాడు. మరుసటేడే కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు.