బ్రేకు ద్రవము కారుట: చరిత్ర, పరీక్ష

అనకాపల్లి జిల్లాలోని రావికమతము నుండి నర్సీపట్నము వరకు మోటారు ప్రయాణము ఇంచుమించు మైదానము మీదనే సాగును. కొండలు ప్రక్కన కనబడుచుండును గాని బాటకు అడ్డురావు. నర్సీపట్నము దాటి చింతపల్లి దారి పట్టినచో సంగతి మారును. ఆ దారి మలుపులు తిరుగుచు, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగికి ఎక్కును. ఎక్కునపుడు పరీక్షకు నిలుచునది ఇంజను. దిగునపుడు పరీక్షకు నిలుచునది బ్రేకు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. బ్రేకు చెడినచో బండి నిలువదు. ఈ రెండింటికి గల తేడా ప్రాణములతో కూడినది.

దిగుటలో బ్రేకుపై పడు భారమెంతో లెక్క కట్టవచ్చును. మనుషులతో, సామానుతో కలిపి 1400 కిలోగ్రాముల బరువు గల బండి 900 మీటర్లు దిగినదనుకొందము. అప్పుడు వెలువడు శక్తి సుమారు 1 కోటి 23 లక్షల జౌళ్ళు. 25 డిగ్రీల వేడిమి గల 39 లీటర్ల నీటిని మరుగు స్థానమునకు తెచ్చుటకు ఈ శక్తి చాలును. ఇందులో కొంత భాగమును ఎదురుగాలి, తక్కువ గేరులో తిరుగు ఇంజను హరించును. మిగిలినదంతయు బ్రేకు డ్రమ్ములలో వేడిగా మారవలసినదే. డ్రైవరు కాలి ఒత్తిడిని ఆ డ్రమ్ములకు చేరవేయునది సన్నని గొట్టములలో నుండు కొద్దిపాటి ద్రవము. మెకానిక్కులు దీనినే బ్రేకు ఆయిలు అందురు.

ఈ కొండదారికొక చరిత్ర కలదు. నర్సీపట్నము నుండి మన్యము లోనికి రోడ్డు వేయించు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు సరియైన కూలి ఈయక చాకిరి చేయించెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన తిరుగుబాటుకు గల కారణములలో అది యొకటి. సరిగా ఆ సంవత్సరములలోనే, వేల మైళ్ళ దూరమున అమెరికాలో, ద్రవముతో పనిచేయు బ్రేకు మోటారు బండ్లలో తొలిసారిగా చోటు సంపాదించుకొనుచుండెను. ఆ బ్రేకు కథ, ఒక విధముగా చూచినచో, ద్రవమును కారిపోకుండ నిలుపుకొనుటకు జరిగిన ప్రయత్నముల కథయే. పాత బండిలో ద్రవము ఎచ్చట కారుచున్నదో వెదకువాడు ఆ కథనే మెట్టుమెట్టుగా మరల చదువుచుండును.

పాస్కల్ నియమము, దాని రెండవ ముఖము

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో, ఆ ఒత్తిడి తగ్గక, అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లెయిజ్ పాస్కల్ నిరూపించెను. ఆయన 1662లో మరణించెను. ద్రవముల సమతాస్థితిని గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1663లో వెలువడెను.

బ్రేకులో ఈ నియమము పనిచేయు తీరు సులభమైనది. డ్రైవరు పెడలుపై 20 కిలోగ్రాముల బలముతో త్రొక్కెననుకొందము. పెడలు ఒక తులాదండము కావున ఆ బలము నాలుగు రెట్లయి, 80 కిలోగ్రాముల బలముగా మాస్టరు సిలిండరు లోని ముషలకమును, అనగా పిస్టనును, నెట్టును. ఆ పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లైనచో, ద్రవములో ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 20 కిలోగ్రాముల ఒత్తిడి పుట్టును. చక్రము వద్ద నుండు చిన్న సిలిండరులోని పిస్టను వైశాల్యము 5 చదరపు సెంటీమీటర్లైనచో, అది 100 కిలోగ్రాముల బలముతో బ్రేకు షూను డ్రమ్మునకు అదుమును. నాలుగు చక్రముల వద్దను ఇదే ఒత్తిడి యుండును.

ద్రవపు బ్రేకు రాకముందు పెడలు నుండి చక్రములకు ఇనుప కడ్డీలు, తీగలు సాగియుండెడివి. ఒక కడ్డీ వదులై, మరియొకటి బిగువుగా నున్నచో ఒక చక్రము ముందుగా పట్టును; బండి ప్రక్కకు లాగును. ద్రవము ఈ చిక్కును తొలగించెను. అయితే పాస్కల్ నియమమునకు రెండవ ముఖము కూడ కలదు. ఒత్తిడి అంతట సమానమే కావున, ఒక్కచోట దారి దొరికినను ద్రవము అచ్చటనే బయటపడును. ఒత్తిడి అన్ని చోట్లను పడిపోవును. ఒక కడ్డీ తెగినచో ఒక చక్రమునకు మాత్రమే నష్టము. ఒక గొట్టము పగిలినచో, తొలినాటి బండ్లలో, నాలుగు చక్రములకును నష్టమే.

తోలు కప్పు, రబ్బరు కప్పు

కదలు పిస్టను ప్రక్కనుండి ద్రవము జారకుండ చేయుట ఎట్లు? ఈ ప్రశ్న మోటారు బండి కంటె పాతది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా నీటి ఒత్తిడితో పనిచేయు యంత్రమునకు పేటెంటు పొందెను. పిస్టను చుట్టు నీరు చిమ్ముట ఆ యంత్రమునకు పెద్ద లోపమయ్యెను. బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే దీనికి తోలు కప్పును ఉపాయముగా కనిపెట్టెనని చెప్పుదురు. ఈ కప్పు అంచు ద్రవము వైపునకు తెరచియుండును. ఒత్తిడి పెరిగినకొలది ద్రవమే ఆ అంచును సిలిండరు గోడకు అదుమును. అనగా బయటికి పోజూచు ద్రవమే తనకు తాను తలుపు వేసికొనును.

ఈ ఉపాయమునే మాల్కమ్ లాక్‌హీడ్ బండ్లకు తెచ్చెను. ఇతడు సోదరుడు ఆలన్‌తో కలిసి 1916లో విమానముల కంపెనీ స్థాపించినవాడు. ద్రవపు బ్రేకుకు 1917లో పేటెంటు పొంది, తరువాత విమానములను విడిచి బ్రేకుల పని చేపట్టెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ తన ఏ నమూనా కారులో నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులు అమర్చెను. 1924లో క్రైస్లర్ కారు ఇదే పద్ధతిని ఎక్కువమందికి అందుబాటులోనికి తెచ్చెను. క్రైస్లర్ ఇంజనీర్లు కారుచుండిన తోలు కప్పులను తీసివేసి రబ్బరు కప్పులను పెట్టిన తరువాతనే ఈ బ్రేకుపై నమ్మకము కుదిరెను. అయినను ఫోర్డు కంపెనీ 1939 నమూనాల వరకు కడ్డీలను, తీగలను విడువలేదు.

ఆముదము నుండి గ్లైకాలు వరకు

రబ్బరు కప్పు వచ్చుటతో మరియొక ప్రశ్న పుట్టెను. కిరసనాయిలు, ఇంజను ఆయిలు వంటి ఖనిజ తైలములు తగిలినచో సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడును. రబ్బరుకు హాని చేయని నూనె ఏది? అది తెలుగువారి పెరళ్ళలోను, మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతముల చేలలోను పండు ఆముదమే. ఆముదము చిక్కనిది కావున దానిని ఆల్కహాలుతో పలుచన చేసి చాలకాలము బ్రేకులలో వాడిరి. కాని ఆల్కహాలు తక్కువ వేడిమి వద్దనే ఆవిరియగును. కొండ దిగునపుడు డ్రమ్ముల వేడి సిలిండరులకు ప్రాకి, ద్రవములో ఆవిరి బుడగలు పుట్టెడివి. ద్రవము ఒత్తిడికి అణగదు గాని ఆవిరి అణగును. అప్పుడు పెడలు నేలను తాకినను చక్రము పట్టదు.

అందుచేత గ్లైకాలు జాతికి చెందిన ద్రవములు వాడుకలోనికి వచ్చెను. నేడు డబ్బాలపై కనబడు డాట్ 3, డాట్ 4 అను గుర్తులు అమెరికా ప్రమాణమునకు చెందినవి. క్రొత్త డాట్ 3 ద్రవము కనీసము 205 డిగ్రీల వరకు, డాట్ 4 ద్రవము కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదు. కాని ఈ ద్రవములు గాలిలోని తేమను పీల్చుకొనును. నూటికి సుమారు 3.7 పాళ్ళ నీరు చేరునప్పటికి మరుగు స్థానములు వరుసగా 140, 155 డిగ్రీలకు దిగవచ్చును. ఆ నీరే ఇనుప గొట్టములను, సిలిండరు గోడలను లోపలి నుండి తుప్పు పట్టించును. తుప్పు గరుకులపై కదలి రబ్బరు కప్పు అంచు అరిగిపోవును. ఆ తరువాత కారుట మొదలగును. కావున బయటికి వచ్చు లీకునకు మూలము తరచు ఏండ్ల క్రిందట లోనికి చేరిన తేమయే.

పాత బండిలో పరీక్ష

ఉత్తరపారాలో 1950వ దశకము చివర మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ కార్లలోను, విల్లీస్ నమూనాపై మహీంద్రా వారు తయారుచేసిన జీపులలోను ఈ ద్రవపు బ్రేకులే యుండెను. అట్టి పాత బండి క్రింద తడి కనబడినచో మొదట తేల్చవలసినది అది బ్రేకు ద్రవమా కాదా యనుట. ఒక చుక్కను గాజు గ్లాసులోని నీటిలో వేయవలెను. గ్లైకాలు ద్రవము నీటిలో కలిసిపోవును. ఇంజను ఆయిలు, గేరు ఆయిలు తెట్టుగా పైన తేలును. వెనుక చక్రము వద్ద ఈ పరీక్ష తప్పనిసరి, ఏలయన ఇరుసు సీలు చెడి గేరు ఆయిలు కారినను చక్రము అట్లే తడిసియుండును. బ్రేకు ద్రవము పడిన చోట రంగు ఉబ్బి ఊడిపోవుట మరియొక గుర్తు.

రెండవది పెడలు చెప్పు సాక్ష్యము. బండిని నిలిపి, పెడలును గట్టిగా త్రొక్కి పట్టి ఒక నిమిషము ఉంచవలెను. అది కదలక నిలిచినచో మంచిది. మెల్లగా క్రిందికి దిగుచున్నచో ఒత్తిడి ఎచ్చటనో జారుచున్నది. స్పంజివలె మెత్తగా నుండినచో లోన గాలి చేరినది. పెడలు దిగుచున్నను తొట్టిలో ద్రవమట్టము తగ్గక, బయట ఎచ్చటను తడి లేనిచో, దోషము మాస్టరు సిలిండరు లోపలనే కలదు. ద్రవము అరిగిన కప్పు ప్రక్కనుండి జారి మరల తొట్టికే చేరుచున్నదన్నమాట. బయట చుక్క పడలేదు గదా యని అట్టి బండిని నమ్మరాదు.

మూడవది చోటును వెదకుట. గొట్టముల కూడళ్ళను, చక్రముల లోపలి పలకలను తుడిచి ఆరబెట్టి, క్రింద కాగితములు పరచి, ఒకరు పెడలు త్రొక్కుచుండగా మరియొకరు చూడవలెను. ఇనుప గొట్టము బిగింపుల క్రింద తుప్పు పట్టును, అచ్చట మట్టి, తేమ నిలుచును గనుక. ముందు చక్రముల వద్దనున్న రబ్బరు గొట్టమును వంచి చూచినచో బీటలు బయటపడును. చక్రపు సిలిండరు చెడినచో డ్రమ్ము లోపల తడిసి, టైరు లోపలి ప్రక్కకు చారలు దిగును. తడిసిన లైనింగు సరిగా పట్టదు కావున బ్రేకు వేసినపుడు బండి సాధారణముగా రెండవ వైపునకు లాగును. డ్రమ్ము విప్పినపుడు అందలి ధూళిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. విల్లీస్ జీపులో మాస్టరు సిలిండరు డ్రైవరు కాళ్ళ క్రింద, పలక అడుగున నుండును. పై నుండి చూచువారికి దాని లీకు కనబడదు.

నాలుగవది చాలమంది మరచునది. కొన్ని బండ్లు త్రొక్కినపుడు కారవు, రాత్రి నిలిపియుంచినపుడు కారును. మాడ్స్‌లే కప్పు కథ తెలిసినవారికి ఇది వింత కాదు. ఒత్తిడి యున్నపుడు కప్పు అంచు గోడను అదుముకొనియుండును. ఒత్తిడి లేనపుడు, రబ్బరు ముదిరి బిరుసెక్కినచో, ఆ అంచు వదులగును. ఇందుకే పాత డ్రమ్ము బ్రేకులలో పెడలు విడిచిన తరువాత కూడ కొద్దిపాటి ఒత్తిడిని నిలిపియుంచు కవాటము నొకదానిని అమర్చిరి. కావున త్రొక్కినపుడు మాత్రమే కారునది గొట్టపు పగులు లేక వదులైన కూడలి కావచ్చును. నిలిపినపుడు మాత్రమే కారునది ముదిరిన కప్పు కావచ్చును. పరీక్ష రెండు స్థితులలోను చేయవలెను.

చోటు దొరికిన తరువాత తొట్టిలో క్రొత్త ద్రవము పోసి ఊరకుండుట వైద్యము కాదు. మట్టము నిండును గాని దారి మూయబడదు. కప్పు మార్చవలెను, సిలిండరు గోడ గరుకైనచో సిలిండరునే మార్చవలెను. విప్పిన భాగములను పెట్రోలుతోను, కిరసనాయిలుతోను కడుగరాదు. స్పిరిటు గాని, అదే జాతి బ్రేకు ద్రవము గాని వాడవలెను. పిమ్మట లోని గాలిని పూర్తిగా తీయవలెను. ఇది ముగియువరకు ఆ బండిని రోడ్డెక్కించరాదు.

రెండు దారులు

ఎంత జాగ్రత్తపడినను ఒకచోట లీకు రానే వచ్చునని ఒప్పుకొన్న ఇంజనీర్లు తుదకు ద్రవమునే రెండు భాగములు చేసిరి. ఒకే మాస్టరు సిలిండరులో రెండు పిస్టనులు, రెండు వేర్వేరు గొట్టముల వరుసలు. ఒక వరుస పగిలినను రెండవది రెండు చక్రములనైనను పట్టును. అమెరికాలో 1962 నమూనాల కాడిలాక్, రాంబ్లర్ కార్లలో ఇది కనబడెను; 1968 జనవరి 1 నుండి తయారగు కార్లకు అచ్చట ఇట్టి ఏర్పాటు తప్పనిసరి యయ్యెను. అదే 1962లో మన దేశమున మద్రాసు వద్ద పాడిలో బ్రేక్స్ ఇండియా కంపెనీ ఏర్పడి, బ్రేకుల తయారీ ఇచ్చటనే వేళ్ళూనుకొనెను.

నేటి కార్లలో ఈ రెండు దారులు ఉండవలసినదే. కాని విల్లీస్ జాతి పాత జీపులోను, తొలికాలపు అంబాసిడర్‌లోను ఉన్నది ఒక్క దారియే. వాటి యజమానికి కప్పు, గొట్టము, ద్రవము తప్ప వేరు రక్ష లేదు. సంవత్సరమునకో, రెండు సంవత్సరములకో ద్రవమును మార్చుట, తొట్టి మట్టమును వారమునకొకసారి చూచుట, కొండ ఎక్కుటకు ముందు పెడలును నిమిషముసేపు త్రొక్కి పట్టుట ఖర్చుతో కూడిన పనులు కావు. లంబసింగి నుండి దిగు బండిలో కూర్చున్నవారందరి భారమును ఆ కొద్దిపాటి ద్రవమే మోయుచున్నది. అది ఒక చుక్క తగ్గినచో, ఎచ్చటికి పోయెనో తెలిసికొన్న పిదపనే బండి కదలవలెను.