తల్లి మీద పడిన నింద



మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందనుకోండి. చూడ్డానికి వచ్చిన వాళ్ళలో ఒక్కరైనా “పాపం, ఈ అమ్మాయికి మగపిల్లాణ్ణి కనే రాత లేదు” అనకుండా వెళ్ళరు. పుట్టిన బిడ్డకి బుద్ధి ఎదుగుదల సరిగ్గా లేకపోతే “గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుని ఉంటుంది” అంటారు. ఒక బిడ్డ బాగుండి ఇంకో బిడ్డకి పుట్టుకతోనే జబ్బు వస్తే “మా వైపు ఎవరికీ లేదమ్మా, ఆ పిల్ల పుట్టింటి నుంచే వచ్చి ఉంటుంది” అంటారు. మాటలు మూడు. వేలు చూపించేది మాత్రం ఒక్కరినే, తల్లిని.

ఈ మూడు మాటలకీ సైన్సు జవాబు చెప్పింది. ఆ జవాబులు ఎలా వచ్చాయో ఇవాళ చెప్పుకుందాం. అవి రాబట్టిన వాళ్ళలో మనలాంటి ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

ముందు ఆడపిల్ల సంగతి. ఈ నింద మన దేశంలో మాత్రమే ఉందనుకోకండి. బిడ్డ ఆడో మగో వేడిమిని బట్టి నిర్ణయమవుతుందని గ్రీసు దేశపు అరిస్టాటిల్ అన్నాడు. ఆ తర్వాత రెండువేల ఏళ్ళకి పైగా గడిచినా ఊహాగానాలే తప్ప రుజువు లేదు. 1898లో వియన్నా ప్రొఫెసర్ షెంక్ గారైతే తల్లి తినే తిండి మారిస్తే మగబిడ్డని కనవచ్చని ఏకంగా పుస్తకమే రాశారు. అంటే మగబిడ్డ పుట్టకపోతే ఆవిడ సరిగ్గా తినలేదన్నమాట!

దీనికి తెర దించిన ఆవిడ పేరు నెట్టీ స్టీవెన్స్. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో 1861లో పుట్టారు. తండ్రి వడ్రంగి. పంతులమ్మగా, లైబ్రేరియన్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టుకుని, ముప్ఫై అయిదేళ్ళ వయసులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. డాక్టరేటు వచ్చేసరికి నలభై దాటాయి. ఇంక చదువుకునే వయసు దాటిపోయిందని మనలో చాలామంది నిట్టూర్చే వయసులో ఆవిడ మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు.

ఆవిడ పరీక్షించినదేమిటో చెబితే నవ్వొస్తుంది. పిండి పురుగు! పిండి జల్లించేటప్పుడు మనం విసుక్కుంటూ ఏరి పారేస్తామే, ఆ కోవకి చెందిన పురుగే. ప్రతి ప్రాణి శరీరంలోని కణాల్లో దారప్పోగుల్లాంటివి ఉంటాయి. వాటినే క్రోమోజోములంటారు. తల్లిదండ్రుల లక్షణాలు బిడ్డకి అందేది వాటి ద్వారానే. ఆడ పురుగులో ఇరవై పెద్ద క్రోమోజోములు కనిపించాయి. మగ పురుగులో పెద్దవి పంతొమ్మిది, చిన్నది ఒకటి. మగ పురుగు బీజకణాల్లో సగం వాటిలో ఆ చిన్నది ఉంది, సగం వాటిలో లేదు. అది చేరితే మగపురుగు, చేరకపోతే ఆడపురుగు. 1905లో ఆవిడ ఈ సంగతి ప్రకటించారు. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా పనిచేసి ఇంచుమించు ఇదే మాట చెప్పారు. పేరు ఎక్కువగా ఆయనకే దక్కింది. స్టీవెన్స్ 1912లో రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్ళు.

మనుషుల్లోనూ పద్ధతి అదే. పెద్దదాన్ని ఎక్స్ అనీ, చిన్నదాన్ని వై అనీ అంటారు. తల్లి దగ్గర ఉన్నవి రెండూ ఎక్స్‌లే. తండ్రి దగ్గర ఒక ఎక్స్, ఒక వై. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. ఇవ్వడానికి ఆవిడ దగ్గర వై ఉంటే కదా! తండ్రి నుంచి ఏది వచ్చిందన్నదాన్ని బట్టే ఆడో మగో. అలాగని ఇప్పుడు ఆయన మీద పడకండి. ఏది వెళ్ళాలో ఎంచుకోవడం ఆయన చేతిలోనూ లేదు.

ఇక రెండో మాట, బుద్ధి ఎదగని బిడ్డ సంగతి. కళ్ళు కొంచెం ఏటవాలుగా, మొహం గుండ్రంగా, కండరాలు మెత్తగా ఉండి, మాటా నడకా ఆలస్యమయ్యే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. 1866లో ఇంగ్లండు డాక్టరు లాంగ్డన్ డౌన్ గారు ఈ లక్షణాలన్నీ ఒకచోట వర్ణించారు. అందుకే దాన్ని డౌన్ సిండ్రోమ్ అంటున్నాం. కారణం మాత్రం ఆయనకీ తెలియదు. తల్లి భయపడిందనీ, వరస కాన్పులతో ఒళ్ళు అలిసిపోయిందనీ ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు.

1933లో పెన్‌రోజ్ అనే ఇంగ్లీషు డాక్టరు చాలా కుటుంబాల లెక్కలు తీసి చూశారు. ఎన్నో కాన్పు అన్నది కారణం కాదు, తండ్రి వయసూ కాదు, తల్లి వయసుతో సంబంధం ఉందని తేల్చారు. వయసు పెరిగిన తల్లుల్లో ఇది ఎక్కువ. మరి ఎందుకు? అది తెలియాలంటే మనిషి క్రోమోజోములు సరిగ్గా లెక్కపెట్టాలి. వింత ఏమిటంటే, 1956 దాకా ఆ లెక్కే తప్పు! అందరూ నలభై ఎనిమిది అనుకున్నారు. స్వీడన్‌లోని లుండ్ నగరంలో జియో, లెవాన్ అనే ఇద్దరు చూపించాకే నలభై ఆరని తేలింది.

అప్పుడు పారిస్‌లో మార్త్ గోతియే అనే పిల్లల డాక్టరు ఉన్నారు. అమెరికాలో ఏడాది ఉండి, కణాలను సీసాల్లో పెంచే విద్య నేర్చుకుని వచ్చారు. ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు గానీ డబ్బు ఇవ్వలేదు. కణాల పెంపకానికి సీరం కావాలంటే తన రక్తమే తీసుకున్నారు. ప్లాస్మా కోసం ఒక కోడిపుంజుని పెంచారు. చేతిలో లేనిదాన్ని ఉన్నదానితో సర్దుకోవడం మనకి కొత్తా! 1958లో ఆ గదిలోనే డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ కణాల్లో నలభై ఏడు క్రోమోజోములు కనిపించాయి. ఒకటి ఎక్కువ.

ఫోటో తీసే సౌకర్యం ఆవిడ దగ్గర లేదు. తోటి డాక్టరు లెజూన్ స్లైడ్లు తీసుకెళ్ళి ఫోటోలు తీయించారు. 1959 జనవరిలో వ్యాసం అచ్చయినప్పుడు మొదటి పేరు లెజూన్‌ది. గోతియే పేరు రెండోది, అదీ అక్షరదోషంతో. యాభై అయిదేళ్ళ తర్వాత, 2014లో, ఫ్రాన్సు వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం ఆ పనిలో ఆవిడ పాత్రే కీలకమని ఒప్పుకుంది. 2022లో, తొంభై ఆరేళ్ళ వయసులో, ఆవిడ కన్నుమూశారు.

ఆ అదనపు క్రోమోజోము ఎక్కడిది? ఇరవై ఒకటో నంబరు క్రోమోజోము జతగా విడిపోవలసిన సమయంలో విడిపోకపోవడం వల్ల వచ్చింది. ఎక్కువసార్లు ఈ పొరపాటు అండంలోనే జరుగుతుంది. తల్లి వయసుకి ఉన్న సంబంధం ఇదే. ఒక విషయం ఆలోచించండి. ఆడదాని అండకణాలు ఆవిడ తన తల్లి కడుపులో ఉండగానే తయారై ఉంటాయి. ముప్ఫై, నలభై ఏళ్ళు ఎదురుచూసిన కణంలో ఒక పోగు విడివడలేదు. కత్తిపీటకీ, గ్రహణానికీ, ఆవిడ తిన్న బొప్పాయి ముక్కకీ దీనితో ఏం సంబంధం? చిన్న వయసు తల్లులకీ ఇలాంటి బిడ్డలు పుడుతున్నారు. ఇది జరిగిపోయిన ఘటన, చేసిన తప్పు కాదు.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. క్రోమోజోములు చూడడం వచ్చాక కడుపులో బిడ్డని పరీక్షించే పద్ధతులు వచ్చాయి. జబ్బులు కనిపెట్టడానికి వచ్చిన ఆ పరీక్షలు మన దేశంలో ఆడపిల్లని ముందే కనిపెట్టి తీసేయడానికి ఉపయోగపడ్డాయి. స్కానింగ్ వచ్చాక మరీ ఎక్కువైంది. చివరికి 1994లో చట్టం చేసి లింగనిర్ధారణని నేరం చేయవలసి వచ్చింది. తల్లి మీది నింద తుడిచిన చదువే కూతురి మెడకి కత్తి అయింది. చదువు ఒక్కటే చాలదు, దాన్ని వాడే మనసూ మారాలి.

మూడో మాట, “మా వైపు ఎవరికీ లేదు” అన్నది. దీనికి జవాబు ఒక తల్లి పట్టుదల వల్ల వచ్చింది. నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఆవిడకి ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. ఇద్దరి మూత్రానికీ ఒక విచిత్రమైన వాసన. ఎంతోమంది డాక్టర్ల దగ్గరికి తిరిగింది. ఎవరూ ఆ వాసన సంగతి పట్టించుకోలేదు. చివరికి ఆస్లో నగరంలో ఫోలింగ్ అనే డాక్టరు విన్నారు. ఆవిడ సీసాలతో మళ్ళీ మళ్ళీ మూత్రం తెచ్చి ఇచ్చింది, ఆయన పరీక్ష మీద పరీక్ష చేశారు. ఒక రసాయనం కలిపితే అది పచ్చగా మారింది. 1934లో జబ్బు బయటపడింది. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్ అలనిన్ అనే పదార్థాన్ని ఆ పిల్లల ఒళ్ళు అరాయించుకోలేదు. అది పేరుకుని మెదడుని దెబ్బతీస్తోంది. ఆశ్రమాల్లో ఉన్న 430 మందిని పరీక్షిస్తే ఇంకో ఎనిమిది మందిలో అదే కనిపించింది.

బాగున్న తల్లిదండ్రులకి ఇలాంటి పిల్లలు ఎలా పుట్టారు? దీని కీలకం మెండెల్ అనే మతగురువు 1866లో బఠానీ మొక్కల మీద ప్రచురించిన పనిలో ఉంది. మనకి ప్రతి జన్యువూ రెండేసి ఉంటుంది. జన్యువంటే ఒక పని ఎలా చేయాలో రాసిన చీటీ అనుకోండి. ఆవకాయ కొలతల చీటీ పుట్టింటి నుంచి ఒకటి, అత్తింటి నుంచి ఒకటి మీ దగ్గర ఉంది. ఒకదానిలో ఉప్పు కొలత చెరిగిపోయినా రెండోది చూసి కలిపేస్తారు, ఆవకాయ బాగానే వస్తుంది. చెరిగిందన్న సంగతే ఎవరికీ తెలియదు. రెండు చీటీల్లోనూ అదే కొలత చెరిగిపోతేనే చిక్కు. ఫోలింగ్ కనుగొన్న జబ్బు ఇలాంటిదే. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులూ ఇలాంటివే. తండ్రి చీటీ ఒకటి, తల్లి చీటీ ఒకటి, రెండూ చెరిగినవి చేరితేనే బిడ్డకి జబ్బు. “మా వైపు లేదు” అనే అత్తగారి మాట అందుకే నిలవదు. వాళ్ళ వైపూ ఉంది, పైకి కనిపించలేదంతే.

అలాంటి దంపతులకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు ప్రమాదం. మొదటి బిడ్డకి వచ్చేసింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని కాదు. ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఇక్కడే మన మేనరికాల మాట వస్తుంది. ఒకే తాతమ్మ చీటీ రెండు దారుల్లోనూ దిగి వచ్చి ఒకే బిడ్డని చేరే అవకాశం మేనరికంలో ఎక్కువ. మేనమామని చేసుకుంటే ఇంకా ఎక్కువ. అలాగని మేనరికం చేసుకున్న వాళ్ళు హడలిపోనక్కర్లేదు. చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కొత్తగా సంబంధం కలుపుకునే వాళ్ళు మాత్రం ఆస్తి బయటికి పోదన్న లెక్కతోపాటు ఈ లెక్క కూడా చూసుకోవడం మంచిది.

ఎగెలాండ్ పిల్లలకి వైద్యం అందలేదు. కానీ ఆవిడ వేసిన దారి ఆగలేదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఇలాంటి బిడ్డ తల్లి ఒకావిడ రోజూ ప్రయోగశాలకి వచ్చి “ఏదో ఒకటి చెయ్యండి” అని డాక్టర్ బికెల్ వెంట పడింది. ఆయన బృందం ఆ పదార్థం తగ్గించిన ప్రత్యేక ఆహారం తయారు చేసింది. 1953లో ఆ ఫలితం ప్రకటించారు. 1960ల మొదట్లో అమెరికాలో గత్రీ అనే డాక్టరు పసిబిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క కాగితం మీద అద్ది పరీక్షించే పద్ధతి కనిపెట్టారు. ఆయన కొడుక్కీ బుద్ధి ఎదుగుదల లోపమే. ఇవాళ ఎన్నో దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆ పరీక్ష చేస్తున్నారు. వెంటనే ఆహారం మార్చిన పిల్లలు అందరిలా చదువుకుంటున్నారు.

చెరిగిన చీటీ బదులు మంచి చీటీ పెట్టగలమా? అదే జన్యు చికిత్స. 1990 సెప్టెంబరు 14న అమెరికాలో, ఒంట్లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన నాలుగేళ్ళ పాపకి దీన్ని మొదలుపెట్టారు. ఆ పాప రక్తకణాలు బయటికి తీసి, మంచి జన్యువు చేర్చి, తిరిగి ఎక్కించారు. ఆ పాప పెద్దదైంది, అయితే మామూలు మందు కూడా వాడుతూనే ఉంది. 1999లో మరో ప్రయోగంలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు చనిపోయాడు. దాంతో నిబంధనలు బిగించారు, వేగం తగ్గింది. 2023లో ఇంగ్లండు, అమెరికా దేశాలు సికిల్ సెల్ జబ్బుకి జన్యు చికిత్సని అనుమతించాయి. అమెరికాలో దాని ఖరీదు ఇరవై లక్షల డాలర్లు దాటింది. ఆ జబ్బు మన ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ గూడేల్లోనూ ఉంది. అక్కడి తల్లి ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది?

అందుకని ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది పరీక్షే. పెళ్ళికి ముందో, గర్భం రాకముందో, తప్పితే గర్భం వచ్చిన తొలి వారాల్లోనో తలసీమియా, సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించుకోండి. కుటుంబంలో అలాంటి బిడ్డ పుట్టి ఉంటే జన్యు సలహా ఇచ్చే డాక్టరుని కలవండి. భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి. ఒక్కరినే పంపితే నింద మళ్ళీ ఒక్కరి మీదే పడుతుంది. ఈసారి పురిటింట్లో ఎవరైనా ఆ పాత మాట అంటే ఊరుకోకండి. పిండి పురుగు కథ చెప్పండి. సెలవు.