పొలము నంబరు, వరుస నంబరు

అనంతపురమునుండి కదిరికి పోవు దారిలో బత్తలపల్లె యున్నది. ఏటి వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు మెట్టసీమ యిది. వేరుసెనగ పైరు ఎండిపోయిన యేడు రైతు చేతిలో మిగులునది పంట కాదు, కాగితము. బ్యాంకు అప్పునకు, పంటబీమాకు, పెట్టుబడి రాయితీకి ఎక్కడికి పోయినను ఆతని నడుగు మొదటి ప్రశ్నలలో నొకటి, “సర్వే నంబరు ఎంత?” అని. ఈ చిన్న అంకెకు ఇంత బలము ఎట్లు వచ్చెను? దానిని వరుస తప్పకుండ దిద్దుకొనుచు పోవుట మేలా, కీడా? ఈ సంగతి కొంచెము విచారింతము.

1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురమున మకాము పెట్టి, 1807 వరకు దత్తమండలములను పాలించెను. అతడు 33 అడుగుల గొలుసుతో భూములను చేను చేనుగా కొలిపించెను. ఆ గొలుసు పొడవును, అంతే వెడల్పును గల చదరమే గుంట. అట్టివి నలుబది గుంటలు ఒక ఎకరము. “మర్రిమాను చేను”, “బావికింది మడి” అని ఊరివారు పిలుచుకొను భూములు ఈ విధముగా సర్కారు లెక్కల కెక్కినవి. నేటి నంబర్లు ఆనాటివి కావు. అవి 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన సర్వేశాఖ తరువాత జరిపిన కొలతలనుండి వచ్చినవి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము వాని వెనుక నిలిచినది.

ఒక యూరిలో 1 మొదలు 300 వరకు నంబర్లున్నవనుకొందము. 45వ నంబరు చేనును అన్నదమ్ములిద్దరు పంచుకొనిరి. అవి 45-1, 45-2 అగును. తమ్ముని పాలు మరల చీలినచో 45-2ఎ, 45-2బి అగును. చూచుటకు ఇది అందముగా లేదు. ఈ తోకలేల, 45, 46 అని చక్కగా వ్రాసి, తరువాతి వాని నెల్ల ఒక్కొక్క అంకె ముందుకు జరుపరాదా అని ఎవరికైనను తోచును. అట్లు జరిపిన మరునాడు ఏమగును? పాత 46వ నంబరు 47 అగును, 300వది 301 అగును. తాతలనాటి క్రయపత్రములో, కోర్టు డిక్రీలో, బ్యాంకు తనఖాలో మాత్రము పాత అంకెలే యుండును. 46 అని వ్రాసియున్న దస్తావేజు ఇప్పుడు ప్రక్కవాని భూమిని చూపును. ఒక్క కుటుంబము పంచుకొన్నందుకు రెండువందల యేబదికి పైగా చేల కాగితములు అబద్ధము లగును. కావుననే చీలికకు తోక తగిలింతురు గాని, వరుసను కదలింపరు.

కరణములకు ఈ మర్మము తెలియును. 1984లో ఆ పదవులు రద్దగు వరకు వారు వ్రాసిన లెక్కలలో అడంగలు సర్వే నంబర్ల క్రమమున సాగును. పదొకటి లెక్క పట్టాదారుల క్రమమున సాగును. ఒకే చేను ఒకదానిలో మూడవపుటలో నుండును, రెండవదానిలో ముప్పదవపుటలో నుండును. దాని చోటు మారును, నంబరు మారదు.

ఈ మాటనే వేరొక భాషలో, 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ చెప్పెను. రిలేషనల్ డేటాబేసులకు పునాది వేసిన వ్యాసమది. పట్టికలో పంక్తులు ఏ క్రమమున నున్నవన్నది సత్యములో భాగము కారాదని ఆతని వాదము. నేటి కంప్యూటరు పట్టికలలో ప్రతి క్రొత్త పంక్తికి యంత్రమే నంబరు నిచ్చును. ఒక పంక్తిని తీసివేసినచో, వ్రాయబోయి రద్దుచేసినచో, ఆ నంబరు ఖాళీగా మిగులును. 1, 2, 4, 5 అని చూచి 3 ఏమైనదని క్రొత్తవారు కలత చెంది, అన్నిటిని దిద్దబూనుదురు. ఆ నంబరును పట్టుకొని వేరు పట్టికలు నిలిచియున్నవని మరతురు. చదువరికి వరుస అంకెలే కావలసినచో, పట్టికను చూపునపుడు ఒకటి, రెండు అని లెక్కించి చూపిన చాలును. పేరుగా నుండు నంబరును ముట్టరాదు.

అయితే ఎడతెగని వరుసయే రక్షయగు చోటును కలదు. రిజిస్ట్రేషను ఆఫీసు పుస్తకములలోని నమోదులకు ఏటేట క్రొత్తగా మొదలిడి వరుస నంబర్లు వేయవలెనని 1908 నాటి చట్టము విధించినది. పుటలకు సయితము అచ్చునంబర్లు ఉండవలెను. అచ్చట నొక్క యంకె లోపించిన, ఎవరో కాగితము చించిరని అనుమానింపవలెను. ఆ పుస్తకములో చేర్చుటయే గాని తీసివేయుట లేదు గనుక వరుస నిలుచును. కంప్యూటరులోను అట్టి వరుస కావలసినచో, ఒకరి నమోదు ముగియువరకు రెండవవారు వేచియుండవలెను.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో నాటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే, ముగిసిన గ్రామములలో పాత సర్వే నంబర్లకు మారుగా క్రొత్త భూకమత నంబర్లను తెచ్చినది. నూరేండ్ల కొలతలను సరిచేయునపుడు నంబరు మారుట తప్పకపోవచ్చును. కాని పాత నంబరు ఏ క్రొత్త నంబరైనదో చూపు పట్టికయే అప్పుడు రైతునకు ప్రాణము. బత్తలపల్లె వంటి యూళ్లలో ఇనుపపెట్టె అడుగున పాత దస్తావేజు దాచుకొన్న గృహస్థులకు మేము చెప్పునది ఇంతే: క్రొత్త పత్రము చేతికి వచ్చినను పాతదానిని పారవేయకుడు. రెండు నంబర్లను ఒకే కాగితముమీద వ్రాయించుకొని, ఆ రెంటి నడుమ నడచు దారిని భద్రపరచుకొనుడు.